షియాన్‌లో అత్తమామలకు ఏమేమి చూపించాలి?

సందేహం: మావారి ఉద్యోగరీత్యా షియాన్‌కు వచ్చి నాలుగు నెలలైంది. వచ్చే నెలలో మా అత్తమామలు వచ్చి పదిహేను రోజులు ఉంటారు. మామగారు చరిత్ర ఉపాధ్యాయులుగా పనిచేసి రిటైరయ్యారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ శాకాహారులు. మా బాబుకు ఏడేళ్లు. మట్టి సైనికుల మ్యూజియం తప్ప ఈ ఊళ్లో ఇంకేమి చూడాలో, టికెట్లు ఎలా తీసుకోవాలో తెలియడం లేదు. మాకు చైనా భాష ఇంకా రాలేదు. సలహా ఇవ్వగలరా?

చెల్లెమ్మా, మీ ఉత్తరంలో "మామగారు చరిత్ర ఉపాధ్యాయులు" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఈ ఊళ్లో పదమూడేళ్లుగా ఉంటున్నాను. మనవాళ్లు చుట్టాలను మొదటి రోజు మట్టి సైనికుల దగ్గరికి, రెండో రోజు ఏదో ఒక షాపింగ్ మాల్‌కు తీసుకెళ్లి, ఇక చూడడానికి ఏమీ లేదనడం ఎన్నోసార్లు చూశాను. మీరు అలా చేయకండి. మొదటి రోజు మామగారిని దాయన్‌తా అనే పాత బౌద్ధ గోపురం దగ్గరికి తీసుకెళ్లండి. దాన్ని కట్టించిన మనిషి మన కృష్ణా తీరంలో నెలల తరబడి ఉండి వెళ్లినవాడు.

మన పాఠ్యపుస్తకాల్లో హ్యుయాన్‌త్సాంగ్ అని చదువుకున్నాం. ఇక్కడ షువెన్‌జాంగ్ అంటేనే అర్థమవుతుంది. ఆయన క్రీ.శ. 639 ప్రాంతంలో ఆంధ్రదేశానికి వచ్చాడు. వేంగిని, ధాన్యకటకాన్ని చూశాడు. పూర్వశైల, అపరశైల విహారాల గురించి రాశాడు. చాలా ఆరామాలు అప్పటికే పాడుబడ్డాయని కూడా రాశాడు. మన ప్రాంతపు మాట మధ్య భారతపు మాటకు భిన్నమని, లిపి మాత్రం చాలావరకు ఒకటేనని గమనించాడు. నేల సారవంతం, ఎండ ఎక్కువ, మనుషులు ఆవేశపరులు అన్నాడు. ధాన్యకటకంలో ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికులనే బౌద్ధ శాఖ వారి అభిధర్మం (తత్వ గ్రంథాలు) చదువుకుని, బదులుగా వారికి తనకు తెలిసినది చెప్పాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ఆ మనిషి 645లో 657 గ్రంథాలతో చాంగాన్‌కు తిరిగి వచ్చాడు. షియాన్‌కు అప్పటి పేరు చాంగాన్. ఆ గ్రంథాలను భద్రపరచడానికే 652లో త్సిఎన్ ఆలయ ప్రాంగణంలో ఈ గోపురం కట్టారు. 'యన్' అంటే అడవి బాతు. సంస్కృతంలో హంస అన్నదీ దాదాపు ఆ పక్షినే కాబట్టి పెద్ద హంస గోపురం అని చెప్పండి, మామగారికి వెంటనే అందుతుంది.

ఏడంతస్తులు, 64 మీటర్లకు పైగా ఎత్తు. లోపల మెట్లు ఇరుకు, అత్తగారిని ఎక్కించకండి. ఆవిడ కింద చెట్ల నీడన కూర్చోవచ్చు. మామగారికి చూపించాల్సినవి ఎలాగూ కిందే ఉన్నాయి. దక్షిణపు గుమ్మానికి చెరో పక్కన రెండు శిలాఫలకాలు ఉంటాయి. షువెన్‌జాంగ్ అనువాదాలకు చక్రవర్తి తైత్సుంగ్ రాసిన ముందుమాట ఒకదాని మీద, యువరాజుగా ఉండగా గావ్‌త్సుంగ్ రాసిన మాటలు రెండోదాని మీద ఉన్నాయి. రెంటినీ 653లో చెక్కారు. చాలామంది వాటి ముందు నుంచే నడిచి లోపలికి వెళ్లిపోతారు. దక్షిణం వైపు చౌకులో చేతికర్రతో నిలబడి ఉన్న పెద్ద విగ్రహం ఆయనదే. అక్కడి నుంచి దక్షిణంగా సాగే దీపాల వీధి, థాంగ్ రాజవంశం కాలపు దుస్తులు అద్దెకిచ్చే దుకాణాలు, రాత్రి ఆటపాటలు, అన్నీ ఈ కాలంలో కట్టినవి. బాబుకు నచ్చుతాయి, ఒక సాయంత్రం తీసుకెళ్లండి. పాతవని మాత్రం మామగారికి చెప్పకండి.

ఇక టికెట్ల సంగతి. పెద్దవాళ్లు విమానం దిగకముందే ఇది పూర్తిచేయాలి. ఇక్కడి ముఖ్యమైన మ్యూజియాలన్నీ ముందస్తు నమోదుతోనే నడుస్తాయి. వీచాట్ యాప్‌లో ఆయా మ్యూజియం అధికారిక ఖాతా తెరిచి, గుర్తింపు పత్రం దగ్గర పాస్‌పోర్టును ఎంచుకుని, పేరు, నంబరు ఇవ్వాలి. మనవాళ్ల పేర్లతో ఇక్కడే చిక్కు వస్తుంది. ఇంటిపేరు ఒక గడిలో, మూడు నాలుగు మాటల పేరు మరో గడిలో ఉన్న పాస్‌పోర్టులు మనవి. నేను వచ్చిన రెండో ఏడు మా నాన్నగారి పేరులో మధ్యనున్న 'వెంకట' అన్న మాట గడిలో పట్టలేదని వదిలేశాను. ఒక పెద్ద మ్యూజియం గేటు దగ్గర ఆయనను ఆపేశారు. అమ్మా నేనూ లోపలికి, ఆయన బయట. డెబ్బై ఏళ్ల మనిషి రెండు గంటలు మెట్ల మీద కూర్చున్నారు. ఆ రోజు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. పాస్‌పోర్టులో ఏ వరుసలో, ఏ అక్షరాలతో ఉంటే అలాగే రాయండి. పట్టకపోతే ఫోన్ చేసి అడగమని ఇరుగుపొరుగు చైనా వారిని బతిమాలండి, తప్పకుండా సాయం చేస్తారు. గేటు దగ్గర స్థానికులు కార్డు ఆనించి వెళ్లిపోతారు. మన పాస్‌పోర్టు యంత్రానికి అందకపోవచ్చు. కంగారు పడకుండా మనిషి కూర్చున్న కిటికీ వైపు వెళ్లండి. అసలు పాస్‌పోర్టులే తీసుకెళ్లాలి, జిరాక్సు పనికిరాదు. వయసు మళ్లినవారికి చాలాచోట్ల రాయితీ ఉంటుంది, అడగడానికి మొహమాటపడకండి.

మధ్యలోనే ఇంకో మాట, మరిచిపోతానేమోనని. బంధువులు హోటల్లో కాకుండా మీ ఇంట్లో దిగితే, వచ్చిన 24 గంటల్లోగా మీ పేటలోని పోలీసు స్టేషన్‌లో వారి పేర్లు నమోదు చేయించాలి. హోటలు వారైతే ఆ పని వారే చేస్తారు. ఇంట్లో దిగినప్పుడు బాధ్యత మనది. మీ అద్దె ఒప్పందం, వారి పాస్‌పోర్టులు తీసుకుని మర్నాడు పొద్దున్నే వెళ్లిరండి.

షాన్‌షీ చరిత్ర మ్యూజియం నమోదు అన్నింటికన్నా కష్టం. కొన్ని రోజుల ముందు టికెట్లు విడుదల చేస్తారు, నిమిషాల్లో అయిపోతాయి. సోమవారం సెలవు. మీరూ మీవారూ రెండు ఫోన్లతో సిద్ధంగా కూర్చోండి. మామూలు విభాగం దొరకకపోతే, విడిగా టికెట్టు ఉండే హెజియాత్సున్ నిధి గదికి ప్రయత్నించండి. 1970 అక్టోబరులో ఈ ఊళ్లోనే హెజియాత్సున్‌లో ఒక కట్టడం కోసం తవ్వుతుంటే రెండు పెద్ద జాడీలు బయటపడ్డాయి. వాటి నిండా బంగారం, వెండి, రత్నాలు. జింక తల ఆకారంలో, మూతికి బంగారు తొడుగు వేసిన అకీక (అగేట్) రాతి పాత్ర ఒకటి ఉంది. దాన్ని దేశం దాటించకూడదని ఇక్కడి ప్రభుత్వం నిషేధించింది. అది చూడాలంటే ఈ ఊరికే రావాలి. అందరూ దాని చుట్టూ మూగుతారు. మీరు నాణేల దగ్గర నిలబడండి. పారశీక సాసానీయుల వెండి నాణెం, బైజాంటియం బంగారు నాణెం, జపాన్ నాణేలు ఒకే నిధిలో దొరికాయంటే అప్పటి చాంగాన్‌లో ఎన్ని దేశాల వాళ్లు తిరిగేవారో తెలుస్తుంది.

ఆ తిరిగినవారిలో మనవాళ్లు కూడా ఉన్నారు. మామగారికి ఇది తప్పక చెప్పండి. గౌతమ సిద్ధుడనే ఖగోళ శాస్త్రజ్ఞుడి కుటుంబం భారతదేశం నుంచి వచ్చి ఇక్కడ తరతరాలుగా స్థిరపడింది. చైనా పత్రాల్లో ఆయన పేరు చ్యూథాన్ షీదా. థాంగ్ ప్రభుత్వ ఖగోళ శాఖకు ఆయన అధిపతి అయ్యాడు. 718లో నవగ్రహ గణితాన్ని చైనా భాషలోకి తెచ్చాడు. సున్నాకు చుక్క పెట్టే పద్ధతి, జ్యా (సైన్) పట్టిక అందులో ఉన్నాయి. ఆయన కొడుకు సమాధి ఫలకం 1977లో ఈ ఊరి దక్షిణాన బయటపడింది. నాకు ఈ ఊళ్లో మొదటి రెండేళ్లూ ఎవరూ లేరన్న దిగులు ఉండేది. 1,300 ఏళ్ల కిందట ఒక భారతీయ కుటుంబం ఇదే ఊళ్లో ఇల్లు కట్టుకుని, ఈ భాష నేర్చుకుని, పిల్లలను పెంచుకుందని తెలిసిన రోజున ఆ దిగులు చాలావరకు పోయింది.

మామగారికి ఒక పూట పూర్తిగా బీలిన్‌లో ఇవ్వండి. బీలిన్ అంటే రాళ్ల అడవి, శాసనాల అడవి. మెట్రో రెండో లైనులో యోంగ్‌నింగ్‌మెన్ దగ్గర దిగి, షూయువాన్‌మెన్ వీధి గుండా నడిస్తే చేరతారు. 1087లో మొదలైన ఈ చోట వేల శిలాఫలకాలు ఉన్నాయి. 837లో పూర్తయిన కన్ఫ్యూషియస్ సంప్రదాయపు ప్రాచీన గ్రంథాలు ఒక గదిలో గోడల్లా నిలబడి ఉంటాయి. 114 రాళ్లకు రెండు వైపులా చెక్కారు, ఆరున్నర లక్షల అక్షరాలు. కాగితం మీద రాసుకున్న ప్రతుల్లో తప్పులు దొర్లుతున్నాయని, విద్యార్థులు వచ్చి సరిచూసుకోవడానికి రాతి మీద చెక్కించారు. ఇంకో గదిలో 781 నాటి ఫలకం ఉంది. పశ్చిమాసియా నుంచి వచ్చిన, సిరియాక్ భాషను వాడే క్రైస్తవం చైనాలో ఎలా అడుగుపెట్టిందో చైనా లిపిలోనూ, సిరియాక్ లిపిలోనూ చెక్కి ఉంది. సిరియాక్ సంప్రదాయంతో కేరళ క్రైస్తవులకున్న అనుబంధం మామగారికి గుర్తురాకపోదు.

మీరు మరీ వెతికి చూడాల్సినది 672 నాటి ఫలకం. ఇందాక గోపురం గుమ్మం దగ్గర చూశారే, షువెన్‌జాంగ్ అనువాదాలకు రాజు రాసిన ముందుమాట, అదే ఇక్కడా ఉంది. అయితే దీన్ని ఎవరూ కొత్తగా రాయలేదు. నాలుగో శతాబ్దపు మహా లేఖకుడు వాంగ్ షీజీ చేతిరాత ఎక్కడెక్కడ దొరికితే అక్కడి నుంచి ఒక్కో అక్షరం ఏరి, హువైరెన్ అనే భిక్షువు ఈ పాఠాన్ని కూర్చాడు. చివర్లో ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం కూడా ఉంది. ధాన్యకటకంలో పాఠాలు విన్న మనిషి అనువాదం, చైనా అంతటా పూజించే చేతిరాతలో రాతి మీదికి ఎక్కింది. నేను ఎవరిని తీసుకెళ్లినా ఆ రాయి ముందు చాలాసేపు నిలబెడతాను.

అదృష్టం బాగుంటే అక్కడ రాతి ప్రతులు తీసే పని కూడా కనిపిస్తుంది. తడి కాగితాన్ని రాయి మీద పరిచి, కుచ్చుతో మెల్లగా కొట్టి, అక్షరాల్లోకి దిగాక సిరా అద్దుతారు. నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు తేలతాయి. మన శాసన పరిశోధకులు ఊరూరా తిరిగి ప్రతులు తీసినదీ దాదాపు ఇలాగే. ప్రతి కొనాలనుకుంటే బయట షూయువాన్‌మెన్ దుకాణాల్లో దొరుకుతుంది. అసలు రాతి మీద తీసినదని ఎవరు చెప్పినా నమ్మకండి, నకలు రాళ్ల మీద తీసినవే. అయినా కొనుక్కోవచ్చు, బాగుంటాయి.

బీలిన్ పక్కనే కోటగోడ. మింగ్ రాజుల కాలంలో 1370లలో కట్టారు. చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, పైన రెండు బస్సులు ఎదురెదురుగా పోయేంత వెడల్పు. దక్షిణ ద్వారం దగ్గర ఎక్కి, సాయంత్రం నాలుగు తర్వాత మీవారు సైకిలు మీద తిరిగి రావచ్చు. పెద్దవాళ్లకు బ్యాటరీ బండ్లు ఉంటాయి. ఇంత పెద్ద గోడ లోపల ఉన్నది పాత చాంగాన్‌లో ఏడో వంతేనని మామగారికి చెప్పండి.

ముస్లిం పేటకు వారాంతంలో వెళ్లకండి. బెయ్‌యువాన్‌మెన్ అనే పెద్ద వీధి యాత్రికులది, జనం తోసుకుంటారు. డోలు గోపురం పక్కనుంచి హువాజ్యే సందులోకి తిరిగితే పెద్ద మసీదు వస్తుంది. ఎనిమిదో శతాబ్దంలో మొదలైందంటారు, ఇప్పుడున్న కట్టడాలు ఎక్కువగా మింగ్ కాలానివి. గుమ్మటం ఉండదు, పెంకుల కప్పులు, కొయ్య తోరణాలు, ఒకదాని తర్వాత ఒకటిగా తోటలు. మీనారు ఉండాల్సిన చోట అష్టకోణపు మండపం ఉంటుంది. చైనా ఆలయాలు దక్షిణానికి తిరిగి ఉంటే, ఇది మక్కా వైపు, పడమరకు సాగుతుంది. ప్రార్థన మందిరంలోకి ముస్లింలకే ప్రవేశం. మనలో ముస్లిం కుటుంబాలు ఉంటే శుక్రవారం నమాజుకు ఇంతకన్నా మంచి చోటు ఈ ఊళ్లో లేదు. తోటల్లో అందరూ కూర్చోవచ్చు. అత్తగారికి అక్కడ హాయిగా ఉంటుంది.

తిండి గురించి మీరు అడగకపోయినా చెప్పాలి. "వో ఛి సూ" అంటే నేను శాకాహారిని. ఆ మాట చెబితే చాలదు, ఎందుకంటే కూరలో మాంసం వేయకపోయినా మాంసం ఉడికించిన నీళ్లు పోస్తారు. మాంసం వద్దు, మాంసపు రసం వద్దు, పంది కొవ్వు వద్దు, గుడ్డు వద్దు అని చైనా లిపిలో రాయించి ఫోనులో పెట్టుకోండి. ముస్లిం పేటలో పంది కొవ్వు అనే భయం ఉండదు. ల్యాంగ్‌పీ అడగండి: చల్లటి వెడల్పాటి నూడుల్స్ మీద మిరపనూనె, వెనిగరు, నువ్వుల ముద్ద, మొలకలు. యోపో మ్యెన్ అయితే వేడి వేడి నూడుల్స్ మీద ఎండుకారం, వెల్లుల్లి పెట్టి, కాగిన నూనె జుయ్యిమని పోస్తారు. ఆ వాసనకు మన తిరగమోత గుర్తొస్తుంది. మాంసం తునకలు కలపవద్దని ముందే చెప్పాలి. శరత్కాలంలో వస్తే పండిన టునికి జాతి పళ్లతో చేసే షిజి బింగ్ అనే అప్పాలు, లిన్‌తోంగ్ దానిమ్మలు తప్పక తినిపించండి. బౌద్ధాలయాల భోజనశాలల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కార్తిక మాసంలో వచ్చే పెద్దలకు అది వరం.

మట్టి సైనికులను నాలుగో రోజో ఐదో రోజో చూడండి, అదీ మామూలు పనిరోజున. మెట్రో తొమ్మిదో లైనులో హువాచింగ్‌చి దాకా వెళ్లి, అక్కడి నుంచి బస్సు. రైల్వేస్టేషన్ దగ్గర చేయి పట్టుకుని పిలిచే వ్యాన్లు ఎక్కవద్దు. మమ్మల్ని ఒక వ్యానువాడు నేరుగా ఏదో నకలు బొమ్మల ప్రదర్శనకు తీసుకెళ్లాడు. సగం రోజు పోయాక గాని అసలుది కాదని తెలియలేదు. టికెట్టు 120 యువాన్లు, పాస్‌పోర్టుతో ముందే తీసుకోవాలి. గేటు నుంచి గోతుల దాకా చాలా దూరం, అత్తగారికి చక్రాల కుర్చీ అడగండి.

1974 మార్చిలో కరవు రోజుల్లో బావి తవ్వుతున్న రైతులకు, చైనా తొలి చక్రవర్తి చిన్ షీహువాంగ్ సమాధికి కాపలాగా పాతిపెట్టిన ఈ బొమ్మలు దొరికాయి. మొదటి గొయ్యి 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. జనం ముందువైపు కటకటాల దగ్గర ఫోటోలు తీసుకుని ఆగిపోతారు. మీరు పక్క నుంచి నడిచి వెనక్కి వెళ్లండి. అక్కడ ముక్కలను అతికే పని జరుగుతుంటుంది. తలలేని మొండేలు, చేతుల ముక్కలు, నంబరు చీటీలు. దాదాపు ఒక్క బొమ్మా చెక్కుచెదరకుండా దొరకలేదు, మనం చూసే ప్రతి సైనికుడినీ ఎవరో కూర్చుని పేర్చారు. బాబుకు ఇది చెప్పండి, పిల్లలు దీన్నే గుర్తుంచుకుంటారు. బొమ్మల మీద కుమ్మరుల పేర్లు కూడా ఉన్నాయి. పని బాగాలేకపోతే ఎవరిని పట్టుకోవాలో తెలియడానికి వేయించినవి. చక్రవర్తి కోసం పనిచేసిన వాళ్ల పేర్లు మనకు దక్కింది అందువల్లే. ఇవన్నీ ఒకప్పుడు రంగులతో ఉండేవి. మట్టిలోంచి తీయగానే కింది లక్క పూత ఎండి, ముడుచుకుని, నిమిషాల్లో రంగు రాలిపోయేది. అసలు సమాధిని ఇంకా తెరవకపోవడానికి ఇలాంటి భయాలే కారణం. అదే టికెట్టు మీద రాజసమాధి తోటకు వెళ్లి, 1980లో దొరికిన కంచు రథాలు కూడా చూడండి. అలసిపోయామని చాలామంది వదిలేస్తారు.

ఎవరైనా ఒక్క రోజే ఉండి వెళ్తుంటే, వాళ్లను హాన్‌యాంగ్‌లింగ్‌కు పంపుతాను. విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉంది. క్రీ.పూ. 141లో చనిపోయిన హాన్ వంశపు జింగ్ చక్రవర్తి సమాధి. గాజు నేల మీద నడుస్తూ కాళ్ల కింద గోతులు చూడవచ్చు. జనం తక్కువ, మెట్లు తక్కువ. బొమ్మలు మోకాలి ఎత్తే ఉంటాయి. చేతులు కొయ్యవి, బట్టలు పట్టువి కావడంతో అవి రెండూ పుచ్చిపోయి, మొండి బొమ్మలు మిగిలాయి. పందులు, కుక్కలు, మేకల మందలు వరుసగా నిలబడి ఉంటాయి. అత్తగారికి, బాబుకు మట్టి సైనికులకన్నా ఇదే ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం.

అక్టోబరు మొదటి వారం, మే మొదటి వారం, వసంతోత్సవం (చైనా కొత్త సంవత్సరం) సెలవులు మాత్రం ఇంట్లోనే ఉండండి.

రెండు చోట్లు మిగిలాయి. రెండూ ఊరి బయట, రెండూ మామగారి కోసమే. నైరుతి దిక్కున త్సావ్‌తాంగ్ ఆలయం. బౌద్ధ గ్రంథాల అనువాదకుడు కుమారజీవుడు 401లో చాంగాన్‌కు వచ్చి, నాగార్జునుడి మూలమధ్యమక కారికలను 409లో చైనా భాషలోకి తెచ్చాడు. ఆయన ధాతువులపై నిలబెట్టిన రాతి స్తూపం ఈ ఆలయంలో ఉంది. నాగార్జునకొండ పేరు ఎవరిదో అక్కడ నిలబడి బాబుకు మామగారి చేత చెప్పించండి. దక్షిణాన షింగ్‌జ్యావ్ ఆలయం. 664లో చనిపోయిన షువెన్‌జాంగ్ సమాధి గోపురం అక్కడ ఉంది, ఇటుకలతో కట్టినది, ఇరుపక్కలా ఇద్దరు శిష్యుల చిన్న గోపురాలు. ఆ దారిలో బస్సులు తక్కువ, పోనూ రానూ ట్యాక్సీ ముందే మాట్లాడుకుని, డ్రైవరును ఆగమని చెప్పండి. పొద్దున తొమ్మిదికల్లా చేరితే వాకిలి ఊడ్చే చీపురు చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. మామగారు ఎంతసేపు ఉండాలంటే అంతసేపు ఉండనివ్వండి. అత్తగారికి కూర్చోవడానికి ఒక చిన్న మడత కుర్చీ ఇంటి నుంచే తీసుకెళ్లండి, అక్కడ బల్లలు చాలా తక్కువ.